ఆకులో చుట్టిన అగదం: బౌద్ధ వాఙ్మయంలో మూఢుల కథలు

భిక్షువు గృహస్థుల ఇళ్ల మధ్య బిగ్గరగా నవ్వుతూ నడవరాదని పాతిమొక్ఖంలోని సేఖియ నియమాలు శాసిస్తున్నాయి. పళ్లు కనబడేలా నవ్వడం ఆర్యుల వినయంలో పసితనంగా లెక్కకు వస్తుందని, ధర్మం వల్ల ఆనందం కలిగినప్పుడు చిరునవ్వు చాలునని అంగుత్తర నికాయంలోని తికనిపాతం బోధిస్తున్నది. నవ్వు నాలుగు విధాల చేటని తెలుగువారి సామెత. అయినప్పటికీ, కడుపుబ్బ నవ్వించే మూఢుల కథలను ఏరి కూర్చి, ఆ కూర్పుకు సూత్రమనే గౌరవనామాన్ని ఇచ్చినది కూడా బౌద్ధ సంప్రదాయమే. నవ్వును ఇంతగా అదుపులో ఉంచిన సంఘం మూర్ఖుల కథలను ఎందుకు భద్రపరచింది? ఆ కథలు విహారాల గోడలు దాటి జానపదుల నోళ్లలోకి వచ్చినప్పుడు, లేదా జానపదుల నోళ్ల నుంచి విహారాలలోకి వెళ్లినప్పుడు, వాటిలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది? పరమానందయ్య శిష్యులను తలచుకొని నేటికీ నవ్వుకొనే తెలుగు నేలపై ఈ ప్రశ్నలకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉన్నది.

సంఘసేనుని మూఢ పుష్పమాల

ఈ కోవకు చెందిన బౌద్ధ గ్రంథాలలో ప్రసిద్ధమైనది చీనీ త్రిపిటకంలో ‘బాయ్ యూ జింగ్’ అనే పేరుతో నిలిచిన శతోపమల సూత్రం. సంఘసేనుడనే ఆచార్యుడు దీనిని కూర్చాడు. ఆయన శిష్యుడు, మధ్యదేశం నుంచి వెళ్లిన గుణవృద్ధి క్రీ.శ. 492లో దీనిని చీనీ భాషలోకి అనువదించాడు. అప్పటికి దక్షిణ చైనాను దక్షిణ చీ వంశం పాలిస్తున్నది. అనువాదానికి నెలవైన రాజధాని జియాన్‌కాంగ్ నేటి నాన్‌జింగ్ నగరం. భారతీయ మూలం అలభ్యం. పేరుకు నూరు ఉపమలైనా గ్రంథంలో ఉన్నవి 98 కథలు. ప్రతి కథా రెండు భాగాలుగా నడుస్తుంది. మొదటి భాగంలో ఒక మూఢుడు చేసిన పని వస్తుంది. రెండవ భాగంలో, లోకులు కూడా ఇట్లాగే ప్రవర్తిస్తారంటూ దాని అన్వయం వస్తుంది.

గ్రంథం చివర సంఘసేనుడు తన పద్ధతిని తానే వివరించాడు. విషానికి విరుగుడైన అగదాన్ని చెట్టు ఆకులో చుట్టి ఇస్తారు. మందు పూసుకున్న తరువాత ఆకును పారవేస్తారు. హాస్యం ఆ ఆకు వంటిదని, సత్యార్థం లోపల ఉన్న మందు వంటిదని, వివేకి అర్థాన్ని గ్రహించి పరిహాసాన్ని విడిచిపెట్టాలని ఆయన భావం. ఈ కూర్పుకు ఆయన పెట్టిన పేరు కూడా గమనింపదగినది. చీనీలో మిగిలిన ఆ పేరుకు ‘మూఢ పుష్పమాల’ అని అర్థం చెప్పవచ్చు. మూఢత్వాన్ని పూలదండగా గుచ్చి శ్రోత మెడలో వేయడంలోనే ఆయన చమత్కారం తెలుస్తుంది.

ఈ గ్రంథం ఆధునిక కాలంలోనూ ఆదరణకు నోచుకున్నది. చైనా రచయిత లూ షున్ 1914లో తన తల్లి షష్టిపూర్తి సందర్భంగా సొంత ధనంతో దీనిని ముద్రింపజేశాడు. 1926లో, సంఘసేనుడు పెట్టిన పాత పేరుతోనే వెలువడిన మరొక ముద్రణకు పీఠిక వ్రాశాడు. ఆ రెండవ ముద్రణలో అన్వయ భాగాలను తొలగించి కథలను మాత్రమే ఉంచారు. మందును తీసివేసి ఆకును మాత్రమే అందించిన ఈ ప్రయోగం ఇరవయ్యవ శతాబ్దపు సాహిత్యాభిరుచికి ఉదాహరణ. అయితే ఈ పని అంతకు శతాబ్దాల ముందే భారతదేశంలో జరిగిపోయింది. ఆ విషయానికి వచ్చేముందు కథలను కొంత దగ్గరగా చూడవలసి ఉన్నది.

కథ ఎవరిపై గురిపెట్టింది?

తొలి కథ ఉప్పు తిన్న మూఢునిది. అతిథిగా వెళ్లిన ఇంట వంటకం చప్పగా ఉన్నదంటే గృహస్థు కొంచెం ఉప్పు కలుపుతాడు. రుచి పెరుగుతుంది. చిటికెడు ఉప్పే ఇంత రుచినిస్తే గుప్పెడు ఉప్పు ఇంకెంత రుచినిస్తుందోనని అతడు ఉప్పునే బుక్కుతాడు, నోరు పాడవుతుంది. మితాహారం మార్గానికి సాధకమని విని, అసలు ఆహారమే మానివేసి ఏడు రోజులో పదిహేను రోజులో పస్తులుండే తపస్వులకు ఇది అన్వయం. మధ్యమ మార్గాన్ని ఇంత తక్కువ మాటలలో, వంటింటి భాషలో చెప్పిన సందర్భాలు అరుదు.

మరొక కథలో ఒకడు విందుకు అతిథులను పిలవదలచుకొంటాడు. రోజూ పాలు పితికితే దాచడానికి చోటు చాలదని, పులిసిపోతాయని భయపడి, ఆవు పొదుగులోనే పాలను నిలవ ఉంచుదామనుకొని దూడను వేరుగా కట్టివేస్తాడు. నెల తరువాత అతిథులు వచ్చిన రోజున చెంబు పట్టుకొని కూర్చుంటే పొదుగు ఎండిపోయి ఉంటుంది. సంపద బాగా పోగుపడిన తరువాత ఒక్కసారిగా దానం చేద్దామనుకొనే వారు ఈ మూఢుని వంటివారే. ఆ సంపదను ఈలోగా రాజో, దొంగో, నీరో, నిప్పో హరిస్తుంది. లేదా మృత్యువే ముందు వస్తుంది. అన్వయం గృహస్థులను ఉద్దేశించినదే అయినా, భిక్షాపాత్రతో వాకిట నిలిచే వారికి దానిలోని మెలిక బాగా తెలుస్తుంది.

భిక్షువులను సూటిగా తాకే కథలు కూడా ఇందులో ఉన్నాయి. ఒక ధనికుడు మూడంతస్తుల మేడను చూసి ముచ్చటపడి, అట్లాంటిదే కట్టమని వడ్రంగిని పిలిపిస్తాడు. పని పునాదుల దగ్గర మొదలుకావడం చూసి, తనకు కింది రెండు అంతస్తులు అక్కరలేదని, పైఅంతస్తు మాత్రమే కట్టమని పట్టుపడతాడు. త్రిరత్నాలను సేవించకుండా, సాధన చేయకుండా, నేరుగా అర్హత్వఫలాన్ని కోరే శిష్యులు ఇతనికి సాటి.

కావలి కాసిన సేవకుని కథ మరింత పదునైనది. యజమాని ప్రయాణమై వెళుతూ తలుపును, గాడిదను, దాని పలుపుతాడును జాగ్రత్తగా కనిపెట్టి ఉండమంటాడు. ఊళ్లో ఎక్కడో సంగీతం మోగుతుంది. సేవకుడు మాట తప్పేవాడు కాడు. తలుపును ఊడదీసి, పలుపుతాడుతో గాడిదపై కట్టి, దానిని తోలుకొని ఆట చూడడానికి వెళతాడు. తిరిగి వచ్చేసరికి ఇల్లు లూటీ అయిపోయి ఉంటుంది. తలుపు, గాడిద, తాడు తన వద్ద భద్రంగా ఉన్నాయి గదా, మిగిలిన వాటి సంగతి తనకెందుకని అతని సమాధానం. ఇంద్రియ ద్వారాలను కాచుకొమ్మని తథాగతుడు చెప్పగా, ఆ మాట ఉద్దేశాన్ని వదిలి, లాభ సత్కారాల వెంట పోయే భిక్షువులకు ఈ కథను అన్వయించారు. నియమంలోని అక్షరాన్ని మోసుకొని తిరుగుతూ దాని ప్రాణాన్ని దొంగలకు వదిలిన వానిని ఇంతకంటే స్పష్టంగా బొమ్మ కట్టించడం కష్టం. తన మీద తానే ఇట్లా నవ్వుకోగలిగిన సంఘం, నవ్వును అదుపులో ఉంచినదే గాని నిషేధించలేదని ఈ కథ చెబుతున్నది.

రోకలి, గొడ్డలి, విల్లు

పాలి జాతకాలలో ఈ ధోరణి ఇంకా పాతది. 44, 45, 46 సంఖ్యలుగల జాతకాలు మూడూ వరుసగా మూఢుల కథలే. మకస జాతకంలో బట్టతల వడ్రంగి ఒకడు కొయ్య చెక్కుతుండగా తలపై దోమ వాలుతుంది. దానిని తోలమని కొడుకును అడుగుతాడు. కొడుకు గొడ్డలి ఎత్తి దోమను కొట్టబోయి తండ్రి తల చీలుస్తాడు. రోహిణి జాతకంలో వడ్లు దంచే చోట పడుకున్న ముసలితల్లి ఈగలను తోలమని కోరగా, రోహిణి అనే పనిపిల్ల రోకలితోనే ఆ పని చేస్తుంది, తల్లి మరణిస్తుంది. ఆరామదూసక జాతకంలో కాశీరాజు తోటమాలి ఉత్సవానికి వెళుతూ మొక్కలకు నీళ్లు పోయమని కోతులకు అప్పగిస్తాడు. నీటిని పొదుపుగా వాడాలన్న సద్బుద్ధితో, ఏ మొక్క వేరు ఎంత పొడవో చూసి దానికి తగినంత నీరు పోయడానికి, కోతుల నాయకుడు మొక్కలన్నింటినీ పీకించి చూస్తాడు.

ఈ మూడింటిలోనూ దుర్మార్గుడు లేడు. కొడుకుకు తండ్రిపై, కూతురికి తల్లిపై ప్రేమ ఉన్నది. కోతులకు తోటమాలిపై గౌరవం ఉన్నది. హాని అంతా సద్భావం నుంచే పుట్టింది. బుద్ధిలేని ఆప్తునికంటే వివేకం గల శత్రువే మేలని జాతకం తేల్చిన నీతి. అకుశల మూలాలలో లోభ ద్వేషాల సరసన మోహాన్ని కూడా నిలిపిన సంప్రదాయానికి ఈ కథలు సహజమైన వ్యాఖ్యానాలు. మకస జాతకపు ప్రత్యుత్పన్న వస్తువు మరీ విచిత్రమైనది. అడవిలో దోమలు కుట్టి పని సాగనివ్వడం లేదని మగధలోని ఒక గ్రామస్థులు విల్లంబులు ధరించి దోమలపై యుద్ధానికి బయలుదేరతారు. తమను తామే కొట్టుకొని గాయపడి ఊరి చుట్టూ పడి ఉంటారు. బుద్ధుడు ఆ ఊరికి వెళ్లినప్పుడు కట్టుకట్లతో ఉన్న జనాన్ని చూసి కారణం అడిగినట్లు కథకుడు చెబుతాడు.

ఈగను చంపబోయి మనిషిని కొట్టిన మూర్ఖుని కథ తెలుగు పిల్లలకు కొత్త కాదు. జాతకంలోని ముసలం తెలుగింటి రోకలే. దంపుళ్ల చోటు, ఈగలు, నడుము వాల్చిన ముసలితల్లి ఉన్న ఆ దృశ్యానికి తెలుగు పల్లెలో పరిచయం అవసరం లేదు.

చూళపంథకుడు: నవ్వు తిరగబడిన చోటు

మూఢులను చూసి నవ్వే ఈ కథలన్నింటికీ ఎదురుగా జాతకట్ఠకథ మరొక కథను నిలబెట్టింది. నాలుగవ జాతకమైన చుల్లకసెట్ఠి జాతకానికి ఉపోద్ఘాతంగా వచ్చే చూళపంథక థేరుని వృత్తాంతమది. అన్న మహాపంథకుడు తెలివైనవాడు, ముందే ప్రవ్రజించి అర్హంతుడైనవాడు. తమ్ముడు చూళపంథకునికి నాలుగు నెలలు గడిచినా ఒక్క గాథ నోటికి రాలేదు. కొత్త పాదం నేర్వగానే పాత పాదం జారిపోయేది. శాసనంలో నీకు చోటు లేదని అన్నే అతనిని విహారం విడిచి వెళ్లమన్నాడు. జీవకుడు సంఘాన్ని భోజనానికి పిలిచినప్పుడు ఇతనిని లెక్కలోకి తీసుకోలేదు.

తెల్లవారుజామున వెళ్లిపోతున్న ఆ మందమతిని బుద్ధుడు వాకిట ఎదుర్కొన్నాడు. శుభ్రమైన బట్టముక్క ఒకటి చేతికిచ్చి, తూర్పు ముఖంగా కూర్చొని, మలినాన్ని తొలగించడాన్ని సూచించే రెండు మాటలు అనుకుంటూ దానిని నిమరమన్నాడు. నిమిరిన కొద్దీ తెల్లని బట్ట చేతి చెమటతో మాసిపోయింది. సంస్కారాల అనిత్యత అతనికి అక్కడే దర్శనమయింది, అర్హంతుడయ్యాడు. జీవకుని ఇంట బుద్ధుడు పాత్రను చేతితో మూసి, విహారంలో ఇంకా భిక్షువులు లేరా అని అడిగాడు. వెతకడానికి వెళ్లిన మనిషికి మామిడి తోట నిండా వేయిమంది భిక్షువులు కనిపించారు. చూళపంథకుడెవరని అడిగితే వేయి నోళ్లూ నేనే అన్నాయి. లెక్కలో లేని వాడు వేయిమందై లెక్కకు మించిపోయిన ఈ ఘట్టంలోని హాస్యం చాలా సున్నితమైనది. ఈసారి నవ్వుకు గురి అయినవారు లెక్క వేసినవారు.

ఈ మాంద్యానికి అట్ఠకథ చూపిన పూర్వకర్మ మరింత ఆలోచింపజేసేది. కశ్యప బుద్ధుని కాలంలో ఇతడు పండితుడైన భిక్షువు. పాఠం వల్లించలేక తడబడుతున్న ఒక మందమతిని చూసి పరిహసించాడు. ఆ భిక్షువు సిగ్గుపడి చదువే మానుకున్నాడు. నవ్విన ఫలం నవ్వినవానికి మాంద్యమై తిరిగి వచ్చింది. మూఢుల కథలు చెప్పే సంప్రదాయమే, మూఢుని చూసి నవ్వడంలోని ప్రమాదాన్ని కూడా ఇట్లా నమోదు చేసింది. విద్యార్థులకు పాఠం చెప్పే ప్రతి విహారానికీ ఈ కథ నేటికీ వర్తిస్తుంది.

ధమ్మపదం బాలవర్గంలోని 63వ గాథ ఈ రెండు వైపులనూ కలుపుతుంది. తన మూఢత్వాన్ని తెలుసుకున్న మూఢుడు ఆ మేరకు పండితుడేనని, తాను పండితుడనని తలచే మూఢుడే నిజమైన మూఢుడని దాని సారాంశం. లోకసాహిత్యంలో వివేకి అయిన మూర్ఖునిగా పేరుపడిన పాత్రకు బౌద్ధం ఇచ్చిన నిర్వచనంగా దీనిని గ్రహించవచ్చు. ఇక్కడ వివేకం మూర్ఖత్వం మాటున దాగిన గడుసుతనం కాదు. తన లోపాన్ని తాను చూడగలగడమే వివేకం.

ఒకే ఆకు, వేరువేరు మందులు

పదకొండవ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరం పదవ లంబకంలో, పంచతంత్ర కథల నడుమ, ముగ్ధుల కథలు అనేకం కనిపిస్తాయి. ఉప్పు తిన్నవాడు, ఆవు పొదుగులో పాలు దాచినవాడు, తలుపును మోసుకుపోయిన సేవకుడు అక్కడ కూడా ఉన్నారు. ఆరు రొట్టెలు తిని ఏడవ దానితో ఆకలి తీరగానే, ముందే దీనిని తిని ఉంటే మిగిలినవి మిగిలేవి గదా అని వాపోయినవాడు, సముద్రంలో వెండిపాత్ర జారవిడిచి నీటిలోని గుర్తులను నమ్ముకొన్నవాడు కూడా వారి సరసన నిలిచారు. శతోపమల సూత్రానికి, ఈ కథలకు గల పోలికలను జర్మన్ పండితుడు యోహానెస్ హెర్టెల్ 1912లో ప్రచురించిన అధ్యయనంలో విశదీకరించాడు. సోమదేవుని వద్ద ఈ కథలను మంత్రి గోముఖుడు యువరాజు నరవాహనదత్తునికి కాలక్షేపంగా చెబుతాడు. సంఘసేనుడు ఒక్కొక్క కథకూ కట్టిన ధర్మాన్వయం ఇక్కడ లేదు. ఆకు రాజాంతఃపురానికి చేరింది. మందు విహారంలో ఉండిపోయింది.

దక్షిణాదిలో ఈ హాస్యం గురుశిష్యుల చుట్టూ అల్లుకొన్నది. తమిళంలో వీరమామునివర్‌గా ప్రసిద్ధుడైన ఇటలీ దేశపు క్రైస్తవ ప్రచారకుడు బెస్కీ పద్దెనిమిదవ శతాబ్దంలో పరమార్థ గురువు కథను వ్రాశాడు. మట్టి, మడైయన్, పేదై, మిలేచ్చన్, మూడన్ అనే అయిదుగురు శిష్యుల పేర్లన్నీ మూఢత్వాన్ని సూచించేవే. బెంజమిన్ బాబింగ్టన్ ఆంగ్లానువాదంతో ఇది 1822లో లండన్‌లో అచ్చయింది. సింహళంలో మహాదేనముత్తా అనే సర్వజ్ఞుడైన వృద్ధునికి కూడా అయిదుగురు శిష్యులు. కుండలో మేక తల ఇరుక్కుంటే, మొదట మేక తల నరికించి, ఆ తరువాత తలను బయటికి తీయడానికి కుండను పగలగొట్టించిన ఘనత ఆయనది. తెలుగులో పరమానందయ్య, ఆయన శిష్యులు ఈ కుటుంబానికే చెందుతారు. ఈ శిష్యులు వెండితెరపైకి కూడా ఎక్కారు. 1966లో వచ్చిన చలనచిత్రం తెలుగువారికి సుపరిచితం.

ఈ కథలలో ఒకదానికి మాత్రం విశేషమైన చరిత్ర ఉన్నది. నది దాటిన శిష్యులు తమను లెక్కించుకొంటారు. లెక్కించే ప్రతివాడూ తనను వదిలి మిగిలిన వారినే లెక్కపెడతాడు. ఒకడు తక్కువ అవుతాడు. ఏటిలో కొట్టుకుపోయాడని అందరూ ఏడుస్తారు. దారిన పోయేవాడు ఒకడు వచ్చి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క దెబ్బ వేసి, దెబ్బ తిన్నవాడల్లా తన సంఖ్య చెప్పేలా చేసి లెక్క సరిచేస్తాడు. అద్వైత వాఙ్మయంలో దశమ న్యాయంగా ప్రసిద్ధమైనది ఈ కథే. శంకరుల ఉపదేశసాహస్రిలోను, పద్నాలుగవ శతాబ్దపు విద్యారణ్యుల పంచదశిలోను ఇది ఆత్మజ్ఞానానికి దృష్టాంతమయింది. వేదాంతికి ఈ కథ మరచిపోయిన ఆత్మను గుర్తుచేస్తుంది. బెస్కీ చేతిలో ఇదే కథ గురుత్వాన్ని ఎగతాళి చేస్తుంది. పల్లెటూరి అవ్వ నోట ఇది పిల్లలకు లెక్కల పాఠం అవుతుంది. ఆకు ఒక్కటే, దానిలో చుట్టిన మందులు వేరు.

పరిశోధకునికి ఒక హెచ్చరిక

ఇందువల్ల పరిశోధనలో ఒక జాగ్రత్త అవసరమవుతున్నది. తెలుగు పల్లెలో వినిపించిన కథకు జాతకంలో పోలిక కనబడగానే, అది ఈ నేలపై వర్ధిల్లిన బౌద్ధానికి మిగిలిన అవశేషమని తీర్మానించడం తొందరపాటు. కథావస్తువు సాక్ష్యం శాసనసాక్ష్యం వంటిది కాదు. శాసనానికి చోటు ఉన్నది, లిపి ఉన్నది, దాత పేరు ఉన్నది. కథకు కాళ్లు ఉన్నాయి. అది ఏ మతం వాకిటనైనా కూర్చుంటుంది. జాతక కథలలో అనేకం బౌద్ధానికి ముందే జనం నోట ఉండి, బోధిసత్త్వుని పాత్రను చేర్చుకొని సంఘంలో ప్రవేశించినవే. ఉన్న కథను తీసుకొని అన్వయాన్ని కట్టడమే సంఘసేనుడు చేసిన పని కూడా. కథను విహారం నుంచి జనం దొంగిలించారని గాని, జనం నుంచి విహారం దొంగిలించిందని గాని అనడం కంటే, రెండింటి మధ్య రాకపోకలు సాగాయని అనడం సత్యానికి దగ్గర.

ఆ రాకపోకల దారులు మాత్రం పురావస్తు సాక్ష్యంలో కనిపిస్తున్నాయి. నాగార్జునకొండ వద్ద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం తంబపణ్ణి థేరులను, సీహళ విహారాన్ని ప్రస్తావిస్తున్నది. బుద్ధఘోషుని సమంతపాసాదిక పూర్వపు వ్యాఖ్యలను పేర్కొంటూ అంధకట్ఠకథను కూడా ఉదాహరిస్తున్నది. శతోపమల సూత్రంలో వెండిపాత్ర పోగొట్టుకున్న ప్రయాణికుడు నీటిపై గుర్తు పెట్టుకొని, రెండు నెలల తరువాత సింహళ దేశంలో ఒక నదిని చూసి, నీరు ఒకేలా ఉన్నదని అక్కడ దిగి వెతుకుతాడు. ఆ కథను కూర్చినవానికి, విన్నవారికి సింహళ సముద్రయానం పరిచితమైన విషయమే. భిక్షువులు, వర్తకులు కలిసి నడిచిన ఇట్లాంటి దారులలో కథలకు సుంకం లేదు.

శిల్పులు కూడా నవ్వును దూరం పెట్టలేదు. క్రీ.పూ. రెండవ శతాబ్దపు భార్హుత్ వేదికపై, ఒక భారీకాయుని పన్ను పీకడానికి కోతులు పట్టకారుకు తాడు కట్టి ఏనుగుచేత లాగిస్తున్న దృశ్యం ఉన్నది. ఆ స్తూపపు శిల్పాలలో అధికభాగం నేడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి స్తూప వేదిక ఉష్ణీషంపై బరువైన పూలదండను మోస్తూ సాగే పొట్టి యక్షుల మొగాలలోని వింత చూపరిని ఆపుతుంది. ప్రదక్షిణ చేసే భక్తుని దృష్టికి, గంభీరమైన బుద్ధచరిత ఘట్టాల సరసన, ఈ వినోదం కూడా అందుబాటులో ఉన్నది. దానిని అలంకారమని పక్కకు నెట్టివేయడం వల్ల స్తూపాన్ని చూసినవారి అనుభవంలో ఒక భాగం పోతుంది.

చివరి మాటను నమోదు చేయడం

పల్లెలలో కథలు సేకరించేవారు కథ ముగిసిన చోట లేఖిని దించడం పరిపాటి. శిష్యులు లెక్క తప్పారు, నలుగురూ నవ్వారు, కథ అయిపోయినట్లే. అయితే చెప్పినవారు నవ్వు ఆగిన తరువాత ఒక మాట అంటారు. అది మనుమనికి వేసిన చురక కావచ్చు, ఊరి పెద్దపై విసురు కావచ్చు, తన జీవితం గురించిన నిట్టూర్పు కావచ్చు. సంఘసేనుడు ప్రతి కథ వెనుక వ్రాసిన అన్వయానికి మౌఖిక సంప్రదాయంలో సాటి వచ్చేది ఆ చివరి మాటే. అది అచ్చు పుస్తకాలలోకి రాదు. మందు పోయి ఆకు మిగలడం ఇక్కడ కూడా జరుగుతున్నది. కథ చెప్పిన ఊరు, సందర్భం, విన్నవారి వయస్సు, నవ్విన చోటు, నవ్వు తరువాతి మాట నమోదైతేనే ఆ కథ వారసత్వంగా భద్రపడినట్లు. లేకుంటే అది పోలికల పట్టికలో ఒక సంఖ్యగా మిగులుతుంది.

సంఘసేనుడు ఆకును పారవేయమన్నాడు. ఆయన ఉన్నది వైద్యుని స్థానంలో; రోగి కోలుకోవడమే ఆయనకు ముఖ్యం. వారసత్వ పరిశోధకుని స్థానం వేరు. పదిహేను శతాబ్దాలు గడిచిన తరువాత, మందు ఏ దారిన ప్రయాణించిందో తెలిపేది ఆకే. దాని ఈనెలలో ఊళ్ల పేర్లు, ఇళ్ల వాసనలు, పనిముట్ల గుర్తులు ఉన్నాయి. రోకలి ఉన్నచోట దంపుళ్లు ఉన్నాయి. వెండిపాత్ర ఉన్నచోట సముద్రయానం ఉన్నది. తలుపు ఊడదీయగలిగిన చోట ఒక రకం ఇంటి కట్టడం ఉన్నది. భిక్షువు అర్థాన్ని, పరిశోధకుడు ఆకును భద్రపరిస్తే, ఇద్దరూ కలిసి కథను నిలుపుతారు.

ఏటి ఒడ్డున నిలిచి లెక్క తప్పిన శిష్యులను చూసి తరతరాల శ్రోతలు నవ్వుతూ వచ్చారు. నవ్వేటప్పుడు ప్రతి శ్రోతా ఆ మూఢులను ఒకటి, రెండు, మూడు అని లెక్కించి, తనను మాత్రం లెక్కలో చేర్చుకోడు. చూళపంథకుని పూర్వజన్మలోని పండితుడు చేసిన పొరపాటు అదే. అతని అన్న చేసిన పొరపాటు కూడా దానికి దగ్గరిదే. తనను కూడా లెక్కలో చేర్చుకున్న శ్రోత దగ్గర ఆ నవ్వు చేటు కాక మందు అవుతుంది.